గుమ్మడిపండు రంగు జిలే

మెరన్ సైకిళ్ల షాపు ముందు ఆగేసరికి షట్టరు సగం దిగిపోయి ఉంది. వంగి లోపలికి దూరింది.

"మూసేశాం," అంది నైరీ ఆంటీ, కౌంటరు వెనక నుంచి తల ఎత్తకుండానే.

"నేను ఆంటీ, మెరన్‌ని."

"నువ్వని తెలిసే అన్నాను. రేపు పొద్దున్నే పందెం పెట్టుకుని ఇవాళ సాయంత్రానికా గుర్తొచ్చింది జిలే కొనాలని? ఏడాదంతా ఏం చేశావే, కుక్కలకు కట్లు కట్టావా?"

"అదేగా నా ఉద్యోగం."

మెరన్ పశువుల ఆసుపత్రిలో నర్సు. ఆ మధ్యాహ్నం కూడా గొర్రెల మందను కాసే కుక్క ఒకటి గేటు కింద కాలు ఇరికించుకుని వచ్చింది. దాని ఆపరేషన్ అయ్యేదాకా ఆమెకు కదలడానికి వీల్లేకపోయింది. అక్కణ్నుంచి తిన్నగా సైకిలేసుకుని, జెర్సీ మీద తొడుక్కునే ఆ చేతుల్లేని పల్చటి గాలికోటు కోసం ఇక్కడికే వచ్చింది. రేపటి పందెం క్రైస్ట్‌చర్చ్‌లో మొదలై, కొండల మీదుగా అకరోవా రేవులో ముగుస్తుంది. గెలిచినామెకు దక్షిణ దీవి మహిళల జట్టులో మిగిలిన ఒకే ఒక్క చోటు దక్కుతుంది. ఆ జట్టు బెల్జియం వెళుతుంది. మెరన్‌కు ముప్పై మూడేళ్లు. ఇది పోతే మళ్లీ ఆమెను పిలిచేవాళ్లు ఉండరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, జట్టును ఎంపిక చేసే గ్రెన్‌విల్‌కూ తెలుసు.

పోయినేడు ఇదే పందెంలో కొండ మీదికి అందరికంటే ముందు ఎక్కింది ఆమే. సరిగ్గా అప్పుడే దక్షిణపు గాలి వచ్చిపడింది. మంచుఖండం నుంచి సముద్రం మీదుగా వచ్చే గాలి అది. దిగుడు మొదలయ్యేసరికి ఆమె వేళ్లు కట్టెలైపోయాయి. బ్రేకు నొక్కితే నొక్కినట్టే తెలియలేదు. ఆ మలుపులన్నీ సైకిలు దిగి, ఏడుస్తూ నడిచింది. పక్కనుంచి ఒక్కొక్కరే సర్రున వెళ్లిపోయారు. తరువాత గ్రెన్‌విల్ అన్న మాట ఊళ్లో సైకిలు తొక్కే ప్రతివాళ్ల నోటా ఆడింది. "ఎక్కమంటే మేకలా ఎక్కుతుంది. దింపడానికి మాత్రం అంబులెన్సు పంపాలి."

"చేతులకు మందం గ్లౌజులు కూడా ఇవ్వండి," అంది మెరన్.

"గ్లౌజులు కాదే మొద్దూ. ఛాతీ గడ్డకడితే ఒళ్లు ముందు చేతులనే వదిలేస్తుంది. ఉన్న వేడంతా లోపల గుండెకాయ కోసం దాచుకుంటుంది. పోయినేడు నీకు పోయినవి చేతులు కావు, ఛాతీ. జిలేకు చేతులుండవు గానీ దాన్ని కొనేది చేతుల కోసమే." ఆంటీ లోపలి గదిలోంచి రెండు తెచ్చి కౌంటరు మీద పడేసింది. "నీ కొలతలో ఆడవాళ్లవి ఇవే మిగిలాయి."

ఒకటి నల్లది. నున్నగా, సన్నగా, మడిస్తే గుప్పిట్లో పట్టేంత. రెండోది గుమ్మడిపండు రంగు. దాన్ని చూడగానే మెరన్ మొహం ముడుచుకుంది.

"ఇది ఎవరు కొంటారాంటీ?"

"ఎవరూ కొనలేదు. అందుకే ఇంకా ఉంది."

నల్లది వేసుకుని అద్దం ముందు నిలబడింది. ఒంటికి పోతపోసినట్టు ఉంది. నడుము దగ్గర సరిపోయింది, తుంటి దగ్గర పట్టెయ్యలేదు. మగవాళ్ల కొలతవి వేసుకున్నన్నాళ్లూ ఆమెకు భుజాల దగ్గర వదులు, కింద బిగుతు. ఇది అలా లేదు. అటు తిరిగింది, ఇటు తిరిగింది.

"ఇదే," అంది.

"అద్దం ముందు నిలబడి తొక్కుతావా సైకిలు? రా."

ఆంటీ ఆమెను వెనక సందులోకి లాక్కెళ్లింది. రెండు పెద్ద గోడౌన్ల మధ్య సందు అది. వాయవ్యపు గాలి దూరిందంటే చెత్తడబ్బాలు వాటంతటవే దొర్లుతాయి. అక్కడ పాత సైకిలొకటి స్టాండుకు బిగించి ఉంది. మెరన్ ఎక్కి, దిగుడులో వంగినట్టు ముందుకు వంగింది. ఒక్క క్షణంలో నల్ల జిలే మెడ దగ్గర నోరు తెరిచింది. చంకల్లోంచి గాలి దూరి వీపు మీద బుడగ లేచింది. నిలబడితే పోతపోసినట్టున్నది, వంగేసరికి గాలిపటమైపోయింది.

"ఇప్పుడు రెండోది."

గుమ్మడిపండు రంగుది నిలబడితే అందంగా లేదు. ముందు పొట్టిగా, వెనక పొడుగ్గా, ఎవరో తొందరలో కత్తిరించినట్టుంది. వంగితే మాత్రం పొట్ట దగ్గర మడత పడలేదు, మెడ దగ్గర సందు లేదు. వెనక తోక నడుము కప్పింది. గాలి ఎదురుగా కొడుతుంటే ఛాతీ మీద పలక అడ్డం పెట్టినట్టుంది. మెరన్ ఛాతీ తడుముకుని నవ్వింది.

"ఆగు, అప్పుడే మురిసిపోకు." ఆంటీ పక్క కొట్లోంచి రెండు పుల్ల ఐసులు తెచ్చి, చేతికొకటి ఇచ్చింది. "గట్టిగా పట్టుకో. కరిగేదాకా వదలకు."

"పిచ్చా ఆంటీ?"

"పట్టుకోవే."

ఐసు కరిగి మోచేతుల దాకా కారింది. వేళ్లు ఎర్రబడి, తరువాత తెల్లబడ్డాయి. అప్పుడు కళ్లు మూసుకుని జిప్పు వెయ్యమంది ఆంటీ. గుమ్మడిపండు రంగుదాని జిప్పుకు పొడుగాటి దారపు పోగు ఉంది, చిటికెన వేలంత. మొద్దుబారిన చేత్తోనే దొరికింది, ఒక్క లాగుకు పైదాకా వచ్చింది. నల్లదాని జిప్పు బియ్యపు గింజంత. మూడుసార్లు వెతికితే ఒకసారి చిక్కింది.

కళ్లు తెరిచేసరికి సందు తలుపులో సాస్కియా నిలబడి ఉంది.

సాస్కియా రేపటి పందెంలో అందరూ పేరు చెప్పే మనిషి. దిగుడులో ఆమెను పట్టుకున్నవాళ్లు లేరు. ఆమెకూ ఆ చోటే కావాలి.

"షట్టరు సగమే దిగి ఉంటే తెరిచుందనుకున్నాను." ఆమె చూపు మెరన్ చేతిలోని నల్లదాని మీద పడింది. "ఇది నువ్వు తీసుకుంటున్నావా?"

అద్దంలో తనను తాను చూసుకున్న బొమ్మ ఇంకా కళ్లల్లోనే ఉంది. "లేదు. ఈ గుమ్మడిపండుది తీసుకుంటున్నాను."

సాస్కియా ఆ రంగు చూసి పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకుంది. "మంచిదే. పోయినేడులా కొండ మీద ఉండిపోతే వెతకడం సులువు."

"నువ్వు ముందు పోతుంటే వెతకడానికి ఎవరుంటారులే," అంది మెరన్.

"అదీ నిజమే," అని సాస్కియా నల్లదాన్ని అద్దం ముందు వేసుకుని చూసుకుంది. సందులోకి వెళ్లలేదు. ఆంటీ పిలవబోయింది గానీ, అప్పటికే ఆమె కార్డు తీసి కౌంటరు మీద పెట్టేసింది.

మర్నాడు పొద్దున కేథడ్రల్ స్క్వేర్‌లో ఎవరి ఒంటి మీదా జిలే లేదు. మార్చి అంటే అక్కడ ఎండాకాలం వెళ్లిపోయే నెల, అప్పుడు అంత ఎండ అన్యాయం. వాయవ్యపు గాలి పొయ్యి మూత తీసినట్టు కొడుతోంది. పడమట కొండల మీద తెల్లటి మేఘం విల్లులా వంగి ఉంది. దక్షిణపు గాలి సాయంత్రానికి గానీ రాదని ఫోన్లన్నీ ఒకే మాట చెబుతున్నాయి.

మెరన్ భర్త రోరీ నోట్లో పిన్నీసులు పెట్టుకుని ఆమె వీపు వెనక నిలబడ్డాడు. తన వీపు మీది నంబరు ఎవరూ తామే పెట్టుకోలేరు. మెరన్‌కు ప్రతి పందెంలోనూ రోరీయే పెడతాడు. రోజంతా కరెంటు స్తంభాలెక్కే మనిషి, పిన్నీసు దగ్గర మాత్రం తడబడతాడు.

"గుచ్చావు."

"కదలకు మరి. నలభై ఒకటి. తిన్నగా వచ్చింది."

అంతలో ఎర్ర టోపీ పెట్టుకున్న రేసు అధికారి మైకు అందుకున్నాడు. "పోయినేడు అందరూ వానకోట్లు తొడుక్కుని గీత దాటారు. ఎవరు ఎవరో తేల్చడానికి మాకు చీకటి పడింది. ఈసారి అది కుదరదు. వీపు మీద నంబరు మొదటి నుంచి చివరిదాకా కనపడాలి. పైన ఏం వేసుకున్నా సరే, కనపడాలి. ఒకసారి చెబుతాం, రెండోసారి చెబుతాం, మూడోసారి పందెంలోంచి తీసేస్తాం."

చుట్టూ ఎవరూ పట్టించుకోలేదు. ఇంత ఎండలో వానకోట్ల ఊసెందుకు. మెరన్ మాత్రం జేబులోంచి జిలే తీసి చూసింది. ముందూ వెనకా ఒకే రంగు. చూపు దూరని గుడ్డ.

"రోరీ, నంబరు తియ్యి. దీని మీద పెట్టు."

"పెడితే మొదటి నుంచీ ఇదే వేసుకుని తొక్కాలి. డయర్స్ పాస్ కొండ ఎక్కేసరికి ఉడికిపోతావు."

"జెర్సీ మీదే ఉంచితే పైన ఇది వేసుకోలేను."

"మధ్యలో ఆగి, జెర్సీ విప్పి, లోపల వేసుకో."

"ఆగితే అయిపోయినట్టే."

"అయితే వదిలెయ్. గాలి సాయంత్రానికి గానీ రాదంటున్నారుగా."

మెరన్ జిలేను రెండు చేతులతో చాచి పట్టుకుంది. గాలి దాన్ని ఆమె ఛాతీకేసి కొట్టింది. ఎదురుగాలి. దిగుడులో గాలి ఎప్పుడూ ఎదురుగానే కొడుతుంది. అంటే వీపు దగ్గర గుడ్డ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఆమె నడుము సంచీలో చెయ్యి పెట్టింది. ఉద్యోగం అలవాటు కొద్దీ అందులో ఎప్పుడూ ఒక కత్తెర ఉంటుంది. కట్లు కోసేటప్పుడు కుక్కలకు గుచ్చుకోకుండా మొన మొండిగా ఉన్న కత్తెర.

"మెరన్. ఏం చేస్తున్నావు? మెరన్, దాని లేబులు కూడా తియ్యలేదు."

"వెనక్కి తీసుకోమని ఎవరడుగుతారు ఇప్పుడు?"

కర్రున కోసింది. భుజం కింద మొదలుపెట్టి తోక పైదాకా, ఒక కిటికీ అంత. గుమ్మడిపండు రంగు ముక్క స్క్వేర్‌లో ఎగిరిపోయింది. దాని వెనకే ఒక కేక.

"నా కడుపు కోశావు కదే." నైరీ ఆంటీ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "నిన్న సాయంత్రం షట్టరెత్తి ఇచ్చింది ఇందుకా? రాత్రంతా దాన్ని తలుచుకుని మంచిదిచ్చానని సంతోషపడ్డాను."

"మంచిదే ఇచ్చారు. చూడండి." మెరన్ తొడుక్కుని వంగింది. కిటికీలోంచి నలభై ఒకటి నిండుగా కనిపించింది. ముందు పలక చెక్కుచెదరలేదు.

ఆంటీ దగ్గరికొచ్చి వంగి చూసింది. ఆ అంచులు వేలితో తడిమింది. "ఇలా వదిలేస్తే దిగుడులో చిరుగు పాకుతుంది. తోక వెళ్లి చక్రంలో పడుతుంది. విప్పు." ఆమె జేబులోంచి నల్ల టేపు చుట్ట తీసింది. హ్యాండిల్ చివర పట్టీ బిగించే టేపు. అంచులన్నీ రెండు వైపులా మడిచి అతికించింది. తిట్టడం మాత్రం ఆపలేదు.

పందెం మొదలైంది.

డయర్స్ పాస్ మీద గుంపు చిట్లింది. వేడిగాలి మొహాన కొడుతుంటే ఒక్కొక్కరే జారిపోయారు. మెరన్ పళ్ల బిగువున ముందు వరసలోనే ఉంది. కొండ దిగి చదునులో పడ్డాక సాస్కియా ముందుకొచ్చి వేగం పెంచింది. మళ్లీ కొందరు జారిపోయారు. లిటిల్ రివర్ ఊరు చేరేసరికి ముందు మిగిలింది ఐదుగురే.

అక్కడ రోడ్డు పక్కన నీళ్ల సీసా చాచి పట్టుకుని రోరీ నిలబడ్డాడు. సీసా ఆమె చేతికందేలోగా పక్కనే పరుగెత్తుతూ అరిచాడు. "గాలి టిమరూలో పడింది. మా బావ ఫోన్ చేశాడు. పడవలన్నీ రేవులోకి వచ్చేశాయట. సాయంత్రం కాదు మెరన్, ఇప్పుడే."

దక్షిణపు గాలి కింద టిమరూ ఊళ్లో పడిందంటే తీరం వెంబడి పైకి రావడానికి ఎంతో సేపు పట్టదు. ఆ తీరంలో అందరూ ఇలాగే ఒకరికొకరు ఫోన్ చేసుకుంటారు. సాస్కియాకూ ఆ మాట వినపడింది. తల ఎత్తి పైకి చూసింది. ఆకాశం నీలంగా ఉంది. భుజాలు ఎగరేసింది.

హిల్‌టాప్ ఎక్కుడు మొదలైంది. ఎక్కుడంటేనే మెరన్‌కు సొంత ఇల్లు. లేచి నిలబడి తొక్కింది. ముగ్గురు వెనకబడ్డారు. సాస్కియా మాత్రం నీడలా అంటుకుని ఉంది. పైన పబ్బు దగ్గర మలుపు తిరిగేసరికి కింద రేవంతా కనిపించింది. నీళ్లు ఇంకా నీలంగానే ఉన్నాయి. కానీ సముద్రపు కాకులు గుంపులు గుంపులుగా లోపలికి వస్తున్నాయి. దూరాన నీటి మీద నల్లటి గీత.

చెమట కళ్లల్లోకి కారుతోంది. ఇంత వేడిలో జిలే వేసుకోవడమంటే పిచ్చి. కానీ చలి ఒంట్లో దూరాక వేసుకుంటే, దూరిన చలిని లోపలే కట్టిపెట్టుకున్నట్టు. పోయినేడు చేసిన తప్పు అదే. మెరన్ రెండు చేతులూ హ్యాండిల్ వదిలి వెనక జేబులో పెట్టింది.

"చలేస్తోందా అమ్మమ్మా?" అంది సాస్కియా.

"నీకోసమేనే. దూరంనుంచి కూడా కనపడాలని."

మెరన్ ఒక చెయ్యి జిలేలో దూర్చి, రెండోది ఇంకా దూర్చకముందే సాస్కియా ఒక్కసారిగా వేగం పెంచి దూసుకుపోయింది. ఎదుటిమనిషి చేతులు ఖాళీగా లేనప్పుడు దెబ్బ తియ్యడం పందెంలో తప్పేం కాదు. మెరన్ అయినా అదే చేసి ఉండేది. తిట్టుకుంటూ జిప్పు లాగింది. తల ఎత్తేసరికి సాస్కియా రెండు మలుపుల ముందుంది.

కొండ నెత్తిన సాగే సమ్మిట్ రోడ్డు మీద మెరన్ ఒంటరిగా తొక్కింది. జిలే లోపల ఉడికిపోతోంది. తప్పు చేశానా? ఇంకో ఏడాది లేదు. ఇంకో పందెం లేదు. ముందు సాస్కియా చుక్కలా కనిపిస్తోంది.

అప్పుడు గాలి ఆగిపోయింది. పూర్తిగా. గడ్డి కూడా కదల్లేదు.

మరుక్షణం దక్షిణం నుంచి గోడ కూలినట్టు పడింది. సైకిలు రోడ్డుకు అడ్డంగా జరిగింది. వేడి ఎవరో స్విచ్చి ఆపినట్టు పోయింది. వెనకే చినుకులు, సూదుల్లా. మెరన్ వంగింది. గాలి వచ్చి ఆమె ఛాతీ మీది పలకకు తగిలి, పక్కలకు చీలి పోయింది. లోపల ఇప్పటిదాకా విసిగించిన వేడి ఇప్పుడు కుంపటిలా ఉంది. వేళ్లు మడిచి చూసుకుంది. మడతపడుతున్నాయి.

ముందు సాస్కియా నిటారుగా లేచి కూర్చుని నల్లదాన్ని తొడుక్కుంటోంది. వేగం సగానికి పడిపోయింది. జిప్పు దొరకడం లేదు. ఎలాగో వేసింది. వంగగానే వీపు మీద బుడగ లేచింది. ఆ బుడగ కింద నంబరు మాయమైంది.

ఎర్ర టోపీ అధికారి మోటారుసైకిలు మీద ఆమె పక్కకు వచ్చాడు. ఇప్పుడు టోపీ లేదు, గాలికి పోయినట్టుంది. "నంబరు కనపడటం లేదు."

"చస్తున్నాను ఇక్కడ."

"నంబరు కనపడాలమ్మా."

సాస్కియా వినపడనట్టు తొక్కింది. అతను మళ్లీ దగ్గరికి వచ్చి రెండు వేళ్లు చూపించాడు. రెండోసారి. సాస్కియా బూతు ఒకటి తిట్టి, చేతులు వదిలి జిలే విప్పింది. విప్పి జెర్సీ ముందు దోపుకుందామనుకుంది. గాలి ఆ అవకాశం ఇవ్వలేదు. నల్ల జిలే ఆమె చేతిలోంచి ఎగిరి, ముళ్లపొదల మీదుగా, లోయలోకి కాకిలా పోయింది.

అధికారి ఈసారి మెరన్ పక్కకు వచ్చాడు. ఆమె వీపు చూశాడు. నల్ల టేపు చట్రంలో నలభై ఒకటి. ఏదో అనబోయి, మానేసి, వెనకబడ్డాడు.

దిగుడు మొదలయ్యే చోట మెరన్ సాస్కియాను అందుకుంది. అందుకుని దాటేసింది. ముందు రోడ్డు ఖాళీ. తడిసి మెరుస్తోంది. పోయినేడు నడిచిన మొదటి మలుపు అదే. బ్రేకు నొక్కింది. వేలి కింద తీగ బిగుసుకోవడం తెలిసింది. వదిలింది. సైకిలు వంగి, లేచి, బయటపడింది. ఆమెకు అరవాలనిపించింది. ఇదా? ఏడాదిగా కలల్లోకొచ్చి భయపెట్టింది ఇదా?

వెనక చక్రం కీచుమంది. తిరిగి చూసింది. సాస్కియా మలుపులో అవతలి గట్టు దాకా పోయి, కంచె తగలకుండా ఎలాగో బయటపడింది. దేశంలోకెల్లా బాగా దిగే మనిషి. పెదవులు నీలంగా ఉన్నాయి. వేళ్లతో కాదు, అరచేతులతో బ్రేకులను కిందికి అదుముతోంది.

"నా చేతులు," అంది సాస్కియా.

ఆ చేతులేమిటో మెరన్‌కు తెలుసు. ఇంకా కింద ఇంతకంటే నిటారైన మలుపులున్నాయి. వాటి పక్కన కంచె కూడా లేదు. వెనక ముగ్గురు తరుముకొస్తున్నారు. వదిలేసి పోతే పందెం ఇక్కడే ఆమెది. ఆగితే ఏమవుతుందో తెలియదు. దిగి నడవమంటే ఈమె నడవదు. తనలాగే మొండిది.

మెరన్ బ్రేకు నొక్కింది. సాస్కియా తన చక్రం వెనక్కి వచ్చేదాకా నొక్కే ఉంచింది.

"నా వీపు చూడు. ఇంకేమీ చూడకు. నేను చెప్పినప్పుడు అదుము, మలుపు కంటే ముందే."

"జాలి... చూపించకు."

"జాలి లేదు, గాడిద గుడ్డూ లేదు. నువ్వు పడితే అంబులెన్సు నా దారికడ్డం వస్తుంది. అదుము."

అదిమింది. తిరిగింది. "వదులు. ఇప్పుడు అదుము." మలుపు తరువాత మలుపు. టేపు ఒక మూల ఊడి, చిరిగిన అంచు మెరన్ నడుము మీద టపటప కొట్టుకుంటోంది. తోక చక్రంలో పడుతుందేమోనని ఒక్కటే భయం. ఆంటీ తిట్లు గుర్తొచ్చాయి. అంత తిట్టినామె టేపు సరిగ్గానే వేసి ఉంటుంది. పైమలుపులో వెనక ముగ్గురూ కనిపించారు. దగ్గరికొచ్చేశారు.

ఆఖరి మలుపు దాటగానే ఇళ్ల పైకప్పులు, వాటి వెనక రేవు. చదును తగిలింది. ఎదురుగాలికి మెరన్ ముందు, ఆమె చాటున సాస్కియా. కొండ చాటు కావడంతో ఇక్కడ గాలి కాస్త తగ్గింది. సాస్కియా ఊపిరి పుంజుకుంది.

"మెరన్."

"ఏంటి?"

"థాంక్స్. కానీ వదలను."

"వదలమని ఎవరడిగారే?"

రేవు ఒడ్డున జనం గొడుగులు తిరగబడుతున్నా అరుస్తున్నారు. గీత కనిపించగానే సాస్కియా చాటులోంచి పక్కకు లేచింది. ఎప్పటిలాగే మెరుపులా. పక్కకు వచ్చేసింది. ముందు చక్రం మెరన్ ముందు చక్రాన్ని దాటింది. ఇక పెద్ద గేరు వేస్తే అయిపోతుంది.

ఆమె చెయ్యి గేరు మీట మీద పడింది. వేలు కదల్లేదు. మళ్లీ నొక్కింది. అరచేత్తో కొట్టింది. గేరు పడలేదు. చిన్న గేరులో ఆమె కాళ్లు బొంగరంలా గిరగిరా తిరిగాయి, సైకిలు మాత్రం అక్కడే ఉండిపోయింది.

మెరన్ ఒక్క వేలు కదిలించింది. టక్కుమంది. ఇంకోసారి టక్కుమంది. పెడలు బరువెక్కింది. లేచి నిలబడి, కొండ మీద దాచుకున్నదంతా కాళ్లల్లోకి దించింది.

"నలభై ఒకటి," అని మైకులో వినపడింది.

ఆమె తిరిగి చూసేసరికి సాస్కియా గీత దాటి, హ్యాండిల్ మీద తల పెట్టుకుని ఉంది. ఎవరో దుప్పటి కప్పారు. రోరీ పరుగెత్తుకొచ్చి భార్యను సైకిలుతో సహా ఎత్తబోయాడు, ఇద్దరూ పడబోయారు.

గ్రెన్‌విల్ వానలో తాపీగా నడిచొచ్చాడు. కారులో వెనకే వచ్చిన మనిషి, అన్నీ చూశాడు.

"పై మలుపులో బ్రేకెందుకు నొక్కావు?"

"ఆమె చేతులు పోయాయి."

"ఓడిపోయేదానివి."

"పోయేదాన్నే."

అతను ఆమె వీపు వైపు వెళ్లి ఆ కిటికీని, ఊడిన టేపును, తడిసిన నంబరును చాలాసేపు చూశాడు. "బెల్జియంలో కూడా ఇలాంటి వానే. పాస్‌పోర్టు ఎక్కడుందో చూసుకో."

"అంబులెన్సు అక్కర్లేదా?" అన్నాడు రోరీ.

గ్రెన్‌విల్ మొహం ఎర్రబడింది. "ఆ మాట అని ఉండకూడదు," అని మెరన్ చెయ్యి పట్టుకుని ఊపాడు. వెచ్చగా ఉన్న చెయ్యి. అది అతనికీ తెలిసినట్టుంది.

రేవు దగ్గర చేపల కొట్లో బెంచీ మీద సాస్కియా దుప్పట్లో ముడుచుకుని కూర్చుంది. ఎదురుగా వేడి వేడి చిప్స్ పొట్లం. వేళ్లకు ఇంకా పట్టు రాక కాగితం విప్పలేకపోతోంది. మెరన్ వచ్చి పక్కన కూర్చుని, కాగితం విప్పి, ఒకటి తీసి ఆమె నోట్లో పెట్టింది.

"కాలుతోంది," అంది సాస్కియా, నములుతూనే.

"ఓడినా తిండి తగ్గలేదు."

"గేరు పడి ఉంటేనా..."

"పడలేదుగా."

నైరీ ఆంటీ కారు దిగి తిన్నగా మెరన్ వెనక్కి వచ్చింది. గెలిచావా అని అడగలేదు. ఊడిన టేపు మూల పట్టుకుని లాగి చూసింది. "ఇక్కడ చేతి చెమట తడి మీద వేసి ఉంటాను. మిగతా మూడు వైపులా దారప్పోగు లేవలేదు చూశావా?" తరువాత ఆ పిల్లను వెనకనుంచే గట్టిగా కావలించుకుని, అలాగే ఉండిపోయింది. మెరన్ మెడ మీద వెచ్చటి చుక్క ఒకటి పడింది. వాన చుక్క మాత్రం కాదు.

సాస్కియా ఇంకో చిప్ కోసం నోరు తెరిచి, మూసి, గొంతు సవరించుకుంది.

"ఆంటీ, ఆ గుమ్మడిపండు రంగుది ఇంకోటుందా?"

"తెప్పిస్తాను," అంది ఆంటీ, కళ్లు తుడుచుకుంటూ. "ఈసారి సందులోకి రావాలి. కత్తెర నువ్వే తెచ్చుకో."